ఊరంతా వినాలి... ఇల్లు తెలియకూడదు!

*హామ్ రేడియో... పేరు చెప్పకుండా నోరు విప్పకూడని హాబీ. మాట్లాడే ప్రతి మాటా ప్రపంచంలో ఎవరైనా వినొచ్చు. అలాంటిచోట సభ్యుల చిరునామా, ఫోను నంబరు, ఇంట్లో ఉన్నారో లేరో అన్న సంగతి గుట్టుగా ఉంచడం ఎలా? ఆ క్లబ్బులు దశాబ్దాలుగా నేర్చుకుంటూ వచ్చిన కిటుకులివి.*

స్టాంపులు సేకరించేవాళ్లు తమ ఆల్బమ్ గురించి చెప్పాలనుకుంటే చెబుతారు, లేకపోతే బీరువాలో పెట్టి తాళం వేసుకుంటారు. పక్షుల్ని చూడటానికి వెళ్లేవాళ్లు కొంగకి తమ పేరు చెప్పాల్సిన పనిలేదు. హామ్ రేడియో వ్యవహారం అలా కాదు. మైకు పట్టుకున్నాక తానెవరో చెప్పి తీరాలి. అది మర్యాద కోసం కాదు, నిబంధన. అమెరికాలో అయితే మాట్లాడుతున్నంతసేపూ పది నిమిషాలకు ఒకసారి, ముగించేటప్పుడు మరోసారి చెప్పాలి.

చెప్పాల్సింది అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు. ప్రభుత్వం ఇచ్చిన పేరు. దాన్నే కాల్‌సైన్ అంటారు. మన దేశంలో హామ్‌ల కాల్‌సైన్‌లు 'వీయూ'తో మొదలవుతాయి. తరవాత ఓ అంకె, ఆపైన రెండు మూడు అక్షరాలు. మాజీ ప్రధాని రాజీవ్‌గాంధీ కూడా హామే, ఆయన కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ. ప్రపంచం మొత్తమ్మీద ఒక కాల్‌సైన్ ఒక్కరికే ఉంటుంది. బండి నంబరులాగా అన్నమాట. బండి రోడ్డు మీదకి రావాలంటే నంబరు కనపడాల్సిందే. కానీ ఆ నంబరు చూసిన ప్రతివాడికీ బండి యజమాని ఇల్లెక్కడో తెలియాలా?

వందేళ్లుగా హామ్ క్లబ్బుల్ని సతాయిస్తున్న ప్రశ్న ఇదే.

టెలిఫోన్ డైరెక్టరీలాంటి పుస్తకం

మొదట్లో ఎవరికీ ఈ బెంగ ఉండేది కాదు. అమెరికాలో 'కాల్‌బుక్' అని టెలిఫోన్ డైరెక్టరీలాంటి లావుపాటి పుస్తకం అచ్చయ్యేది. కాల్‌సైన్, ఎదురుగా పేరు, ఇంటి చిరునామా. ఇతర దేశాల హామ్‌లనీ ఇలాగే జాబితాల్లోకి ఎక్కించేవారు. 1990ల చివరిదాకా ఆ పుస్తకం బల్ల మీద ఉండటం హామ్‌లకి ఓ గౌరవం. తమ పేరు అందులో ఎక్కితే సంబరం. ఫోను డైరెక్టరీలో నాన్న పేరు వెతుక్కుని మురిసిపోయిన కుటుంబాలకి ఆ సంబరం ఏమిటో తెలుసు.

పుస్తకం పుస్తకంగా ఉన్నన్నాళ్లూ ప్రమాదం తక్కువే. దాన్ని కొనాలి, పేజీలు తిప్పాలి, ఒక్కో పేరూ వెతకాలి. అవే వివరాలు కంప్యూటర్లోకి ఎక్కాక కథ మారిపోయింది. ఒక్క మీట నొక్కితే ఊళ్లో ఉన్న హామ్‌లందరి ఇళ్లూ వరసగా వచ్చేస్తాయి. హామ్ ఇల్లంటే ఏముంటుంది? లక్షలు ఖరీదు చేసే రేడియో సెట్లుంటాయి. డాబా మీద ఆకాశాన్నంటే యాంటెన్నా, 'ఇదే ఆ ఇల్లు' అని వేలెత్తి చూపిస్తూ ఉంటుంది!

అమెరికా సమాచార కమిషన్ ఇప్పటికీ లైసెన్సుదారుల చిరునామాలు అందరికీ చూపిస్తూనే ఉంది. కాకపోతే ఇంటి చిరునామానే ఇవ్వాలన్న పట్టుదల లేదు, ఉత్తరాలు అందే పోస్టుబాక్సు నంబరు ఇచ్చినా ఒప్పుకుంటుంది. అందుకే అక్కడి క్లబ్బుల్లో సీనియర్లు కొత్తగా పరీక్ష రాసేవాళ్లకి దరఖాస్తు నింపకముందే పోస్టుబాక్సు సంగతి చెబుతారు. ఒకసారి ఇంటి చిరునామా లోకానికి ఎక్కాక దాన్ని తుడవడం అయ్యేపని కాదు మరి. జర్మనీలో కాల్‌సైన్‌ల జాబితా ప్రభుత్వమే ప్రచురిస్తుంది కానీ 'నా చిరునామా వద్దు' అని అభ్యంతరం చెప్పే హక్కు ఇచ్చింది. బ్రిటన్‌లో రేడియో సొసైటీ వేసే వార్షిక పుస్తకంలో చాలా కాల్‌సైన్‌ల పక్కన చిరునామా బదులు 'లైసెన్సుదారు కోరిక మేరకు వివరాలు ఇవ్వడం లేదు' అని ఉండేది. అచ్చుపుస్తకంలో వరసగా ఆ వాక్యమే చూస్తుంటే కొంచెం నవ్వొస్తుంది. కానీ ఆ వాక్యం వెనక ఎన్ని ఇళ్ల నిద్ర ఉందో!

స్టాంపుల ఖర్చు తగ్గించబోయి...

హామ్‌ల లోకంలో ఒక అందమైన ఆచారం ఉంది. పరాయిదేశంలోని హామ్‌తో మొదటిసారి మాట్లాడితే, 'అవును, మనం మాట్లాడుకున్నాం' అని ఒకరికొకరు పోస్టుకార్డు పంపించుకుంటారు. దాన్ని క్యూఎస్‌ఎల్ కార్డు అంటారు. కార్డు మీద ఇద్దరి కాల్‌సైన్‌లు, తేదీ, సమయం, ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడారు, మాట ఎంత స్పష్టంగా వినిపించింది... అన్నీ రాస్తారు. కొందరు గోల్కొండ బొమ్మ వేయించుకుంటారు, కొందరు చార్మినార్ వేయించుకుంటారు. ఇళ్లలో గోడల నిండా అతికించుకునేవాళ్లున్నారు. వంద దేశాల కార్డులు సంపాదించడం అంటే ఆ లోకంలో పెద్ద పరీక్ష పాసైనట్టు.

కార్డు పంపాలంటే చిరునామా కావాలి కదా? అక్కర్లేదు! అదే ఇందులో తమాషా.

సభ్యుడు కార్డు మీద అవతలివారి కాల్‌సైన్ మాత్రం రాస్తాడు. అలాంటి కార్డులన్నీ కట్టగట్టి తన దేశంలోని హామ్ సొసైటీకి పంపిస్తాడు. అక్కడ 'క్యూఎస్‌ఎల్ బ్యూరో' అని ఓ విభాగం ఉంటుంది. వాళ్లు కార్డుల్ని దేశాలవారీగా విడదీసి, జపాన్‌వన్నీ జపాన్ సొసైటీకి, జర్మనీవన్నీ జర్మనీ సొసైటీకి పెద్ద పెద్ద పార్సిళ్లుగా పంపిస్తారు. అక్కడివాళ్లు కాల్‌సైన్‌ల వారీగా మళ్లీ విడదీస్తారు. ఒక్కో అక్షరానికి ఒక్కో వలంటీరు. సభ్యులు ముందుగానే తమ చిరునామా రాసి, స్టాంపులు అంటించిన కవర్లు ఆ వలంటీరు దగ్గర పెట్టి ఉంచుతారు. కార్డులు కాసిని పోగవ్వగానే కవర్లో పెట్టి పోస్టు చేస్తాడు. మన దేశంలో అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా ఈ బ్యూరో నడుపుతోంది.

గమనించారా? కార్డు పంపినవాడికి అందుకున్నవాడి ఇల్లెక్కడో తెలియదు. అందుకున్నవాడికి పంపినవాడి ఇల్లూ తెలియక్కర్లేదు. ఇంటి చిరునామా తెలిసింది ఒకే ఒక్క మనిషికి. ఆ మనిషి కూడా ఆ చిరునామాని ఎక్కడా రాసి పెట్టుకోలేదు, కవరు మీద సభ్యుడే రాసిచ్చాడు. కవరు పోస్టుడబ్బాలో పడితే వలంటీరు దగ్గర ఏమీ మిగలదు! నిజానికి ఇది గోప్యత కోసం పుట్టిన ఏర్పాటు కాదు. ఒక్కో కార్డుకీ విదేశీ పోస్టేజీ పెట్టుకోలేక, మధ్యతరగతి జేబులు కనిపెట్టిన ఉపాయం. కానీ ఇవాళ పెద్ద పెద్ద కంపెనీలు లక్షలు పోసి కట్టుకుంటున్న డేటా రక్షణ సూత్రాలన్నీ ఆ గోధుమరంగు కవర్లలో అప్పుడే ఉన్నాయి. కావలసినంతే తీసుకో, పని అయ్యాక ఉంచుకోకు... అవే.

కాకపోతే బ్యూరో దారి నత్తనడక. కార్డు చేరడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అంతసేపు ఆగలేనివాళ్లు నేరుగా కవరు పంపిస్తారు. తిరుగు టపా ఖర్చుకని అందులో ఒకటో రెండో డాలర్లు పెడతారు. ఈ అలవాటు హామ్‌ల కన్నా ముందు టపా దొంగలకి తెలిసిపోయింది. కవరు మీద కాల్‌సైన్ కనపడిందంటే లోపల డబ్బుందని అర్థం! అందుకే 'కవరు మీద కాల్‌సైన్ రాయొద్దు, పేరూ చిరునామా మాత్రమే రాయండి' అని సీనియర్లు చెబుతారు. చిత్రం ఏమిటంటే, గాలిలో కాల్‌సైన్ చెప్పాలి, చిరునామా చెప్పకూడదు. పోస్టులో చిరునామా రాయాలి, కాల్‌సైన్ రాయకూడదు. రెండూ ఒకేచోట కనపడకూడదన్నదే అసలు మంత్రం.

ఎంకే97 ఎక్కడుంది?

రేడియోలో మాట్లాడుకునేవాళ్లకి ఎదుటివాళ్లు ఎంతదూరంలో ఉన్నారో తెలుసుకోవాలన్న కుతూహలం ఉంటుంది. ఎంత తక్కువ పవర్‌తో ఎంత దూరం మాట్లాడామన్నదే కదా ఆట. అందుకని భూగోళాన్ని గళ్లుగా కోసేసి ఒక్కో గడికి ఓ పేరు పెట్టుకున్నారు. రెండు అక్షరాలు, రెండు అంకెలు. హైదరాబాద్ ఉన్న గడి ఎంకే97. విజయవాడది ఎన్‌కే06. విశాఖపట్నానిది ఎన్‌కే17.

ఎంకే97 అని చెప్పినవాళ్లు హైదరాబాద్‌లోనే ఉండాలని లేదు. నల్గొండలో ఉండొచ్చు, సూర్యాపేటలో ఉండొచ్చు. ఆ గడి ఉత్తరం నుంచి దక్షిణానికి 111 కిలోమీటర్లు, తూర్పు నుంచి పడమరకి మన దగ్గర సుమారు 212 కిలోమీటర్లు. దూరం లెక్కకి ఇది చాలు. ఇల్లు పట్టుకోవడానికి ఏ మూలకీ సరిపోదు. ఇంకొంచెం కచ్చితంగా చెప్పాలనుకుంటే చివర మరో రెండు అక్షరాలు కలుపుతారు. అప్పుడు గడి నిలువు 4.6 కిలోమీటర్లు, అడ్డం దాదాపు 9 కిలోమీటర్లకి తగ్గుతుంది. అంటే ఏ పేట అన్నది తెలుస్తుంది, ఏ వీధో తెలియదు. అక్కడ ఆగిపోవడం మంచిదని అనుభవజ్ఞుల మాట. ఆపైనా అక్షరాలు కలిపే వీలుంది మరి, కలుపుతూ పోతే గుమ్మం దాకా వచ్చేస్తారు.

కార్లలో తిరుగుతూ మాట్లాడేవాళ్లతో వచ్చిన చిక్కు వేరే. ఏపీఆర్‌ఎస్ అని ఓ పద్ధతి ఉంది. కారులోని రేడియో కొద్ది నిమిషాలకోసారి 'నేనిక్కడున్నా' అంటూ కాల్‌సైన్‌తోపాటు తానున్నచోటుని ప్రసారం చేస్తుంది. సరదాగానే ఉంటుంది. వరదల్లో, కొండల్లో తప్పిపోయినప్పుడు ప్రాణం కాపాడుతుంది కూడా. కానీ కుటుంబమంతా తిరుపతి బయలుదేరితే, కారు ఒంగోలు దాటిందని ఎవరికైనా తెలిసిపోతుంది. కాల్‌సైన్ తెలుసు, ఇల్లెక్కడో జాబితాలో ఉంది, ఇంట్లో ఎవరూ లేరని కారే చెబుతోంది! అందుకే ప్రయాణాల్లో దాన్ని కట్టేయమనో, లేదంటే స్థానాన్ని మసకగా చూపించే సదుపాయం వాడుకోమనో కొత్తవాళ్లకి నేర్పించాలి.

కోట్ల రూపాయల పాఠం

ఇన్ని జాగ్రత్తలు తెలిసిన హామ్ లోకానికి 2024లో గట్టి దెబ్బే తగిలింది. అమెరికన్ రేడియో రిలే లీగ్ 1914లో మొదలైన సంస్థ. హామ్ సొసైటీల్లో పెద్దక్క. కార్డుల కోసం ఏడాది ఎదురుచూడక్కర్లేకుండా, 2003లోనే కంప్యూటర్ లాగ్‌బుక్ తెచ్చింది. ఇద్దరు హామ్‌లు విడివిడిగా తమ సంభాషణ వివరాలు అందులో పెడతారు. రెండూ సరిపోలితే 'నిజమే' అని ముద్ర పడుతుంది. ఒకరి చిరునామా మరొకరికి తెలియక్కర్లేదు.

2024 మే నెల మధ్యలో ఆ సంస్థ కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా మొరాయించాయి. చొరబడిన దొంగలు ఫైళ్లకి తాళాలు వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమన్నారు. లాగ్‌బుక్ జులై మొదట్లోగానీ తెరుచుకోలేదు. చివరికి 10 లక్షల డాలర్లు చెల్లించామని ఆగస్టులో సంస్థే ప్రకటించింది. అప్పటి లెక్కలో ఎనిమిది కోట్ల రూపాయలకి పైమాటే! అందులో ఎక్కువభాగం బీమా కంపెనీ భరించింది.

సభ్యులందరి గుండెల్లో రాయి పడింది. తమ వివరాలన్నీ పోయాయా? సంస్థ చెప్పిన జవాబులో ఈ కథకి కీలకమైన సంగతి ఉంది. సభ్యుల క్రెడిట్ కార్డుల నంబర్లు తమ దగ్గర దాచిపెట్టలేదు. సోషల్ సెక్యూరిటీ నంబర్లు (మన ఆధార్ లాంటివి) సభ్యులనుంచి అసలు తీసుకోనేలేదు. జాబితాలో ఉన్నవి పేరు, చిరునామా, కాల్‌సైన్, సభ్యత్వం తేదీల్లాంటివి. వాటిలో చాలామటుకు ప్రభుత్వమే బయటపెట్టినవి. జీతాల కోసం అన్ని వివరాలూ ఇచ్చిన సుమారు 150 మంది ఉద్యోగులకి మాత్రం జాగ్రత్తపడమని ఉత్తరాలు వెళ్లాయి. లక్షకు పైగా సభ్యులున్న క్లబ్బులో నష్టం అక్కడికి పరిమితమైందంటే కారణం తాళం గట్టిది కావడం కాదు, బీరువాలో నగలు లేకపోవడం!

ఇదే మన ఊళ్లలోని ఏ క్లబ్బుకైనా పనికొచ్చే సంగతి. చదరంగం క్లబ్బుకో, నాణేల సంఘానికో ఆధార్ కార్డు జిరాక్సు ఎందుకు? 'ఎందుకైనా మంచిదని' అంటారు. ఎవరికి మంచిదో చెప్పరు. గుర్తింపు చూడాలనుకుంటే చూసి తిరిగి ఇచ్చేయొచ్చు. కాగితం తప్పదనుకుంటే చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంది. నాణేల సంఘాల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. పేరు, చిరునామా, 'సేకరించేవి: మొఘల్ మొహర్లు' అని ఒకే వరసలో రాసిన జాబితా దొంగ చేతిలో పడితే దానికన్నా మంచి దారిచీటీ ఉంటుందా?

రహస్యం చెప్పకూడని చోట

హామ్ రేడియోకి మరో విచిత్రమైన నియమం ఉంది. సంకేతభాషలో మాట్లాడి అర్థాన్ని దాచకూడదు. దేశాల మధ్య జరిగే సంభాషణలకైతే ఇది అంతర్జాతీయ నియమం. అంటే ఫోన్లో లాగా మాటలకి తాళం వేయడం కుదరదు. క్లబ్బు సభ్యులు రాత్రి తొమ్మిదింటికి కలిసి కబుర్లు చెప్పుకుంటే, ఊళ్లో రిసీవరున్న ప్రతివాళ్లూ వింటారు. 'రేపట్నుంచి వారం రోజులు అమ్మాయి దగ్గరికి బెంగళూరు వెళ్తున్నాం' అన్నారంటే వీధంతా దండోరా వేయించినట్టే.

మామూలు రోజుల్లో ఇది నోరు అదుపులో పెట్టుకోవడంతో సరిపోతుంది. విపత్తులప్పుడే అసలు ఇరకాటం. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం భారతీప్రసాద్ నాయకత్వంలో పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. హాబీ కోసం వెళ్లినవాళ్లు. ఫోన్లు మూగబోయిన ఆ రోజుల్లో అండమాన్‌కీ మిగతా దేశానికీ మధ్య వాళ్ల రేడియోలే వారధి అయ్యాయి. ఆత్మీయుల జాడ తెలియక అల్లాడుతున్న కుటుంబాలకి క్షేమసమాచారాలు అందించారు. 'ఫలానావాళ్లు క్షేమం' అన్న కబురు పేరుతో సహా గాలిలో చదవాల్సిందే. అప్పుడు గోప్యత గురించి మాట్లాడితే పాపం. కానీ అదే గాలిలో ఓ మరణవార్త పేరుతో చదివితే? ఇంటివాళ్లకి అధికారులు చెప్పకముందే ఎవరో దారినపోయేవాళ్లు వినేస్తారు. అందుకే విపత్తుల్లో పనిచేసే హామ్‌లకి ఇచ్చే శిక్షణలో మృతుల పేర్లు నోటితో చదవొద్దని నేర్పిస్తారు. ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో ఆ క్షణంలో తేల్చుకోవాల్సింది మైకు పట్టుకున్న మనిషే.

రిజిస్టరు నుంచి గ్రూపులోకి

ఒకప్పుడు క్లబ్బు సభ్యుల జాబితా అంటే సెక్రటరీగారింట్లో అట్ట ఊడిన రిజిస్టరు. ఇప్పుడది సెక్రటరీగారి ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ ఫైలు. ఆయన పదవి దిగిపోతాడు, ఫైలు దిగదు. కొత్త సెక్రటరీకి పంపిన కాపీ ఒకటి, కోశాధికారికి పంపినది ఒకటి, పిక్నిక్‌కి బస్సు మాట్లాడిన సభ్యుడి దగ్గర ఒకటి... నాలుగేళ్లు తిరిగేసరికి ఎన్ని ఫోన్లలో ఉందో లెక్క ఉండదు. పాతవాళ్లు పదవి వదిలేటప్పుడు లెక్కల పుస్తకం, చెక్కుబుక్కు అప్పగించినట్టే, ఫైలు చెరిపేశామని కూడా చెప్పించుకోవడం ఖర్చులేని పని. వాట్సాప్ గ్రూపు సరేసరి. చేరిన ప్రతి ఒక్కరి నంబరూ మిగతా అందరికీ కనపడుతుంది. అదే వాట్సాప్‌లో 'కమ్యూనిటీ' కింద ప్రకటనల గ్రూపు పెడితే సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. సమావేశం ఫలానా ఆదివారం అని చెప్పడానికి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు కదా.

ఇదంతా ఇన్నాళ్లూ మంచి అలవాటు. ఇకమీదట చట్టం కూడా. మన పార్లమెంటు 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధానమైన బాధ్యతలు 18 నెలల గడువు తరవాత, అంటే 2027 మే నుంచి అమలు కావాలి. వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పి అనుమతి అడగాలి. ఆ నోటీసు ఇంగ్లిషులోనే కాదు, అడిగితే తెలుగులోనూ చూపించాలి. తప్పులుంటే దిద్దమనడానికి, అవసరం తీరాక చెరిపేయమనడానికి సభ్యుడికి హక్కుంటుంది. భద్రత గాలికొదిలేస్తే జరిమానా 250 కోట్ల రూపాయలదాకా వెళ్లొచ్చు. కాలనీ క్లబ్బు మీద అంత మొత్తం పడుతుందని ఎవరూ అనుకోరు కానీ ఆ అంకె వింటే ఏ సెక్రటరీకైనా ఎక్సెల్ ఫైలు గుర్తొస్తుంది.

చట్టంలో ఓ మెలిక ఉంది. అట్ట ఊడిన ఆ కాగితాల రిజిస్టరు దీని పరిధిలోకి రాదు. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించిన క్షణం నుంచి వస్తుంది. అలాగే ఎవరైనా తమ వివరాలు తామే లోకానికి చాటుకుంటే వాటికీ వర్తించదు. గాలిలో కాల్‌సైన్ చెప్పేసుకున్న హామ్, దాని గురించి ఫిర్యాదు చేస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

పిల్లల సంగతి మాత్రం కచ్చితం. మన దేశంలో 12 ఏళ్లు నిండితే హామ్ పరీక్ష రాయొచ్చు. డేటా చట్టం లెక్కలో 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి ఉండాలి, ఆ అనుమతి నిజమైనదేనని సరిచూసుకోవాలి. అంటే ఏడో తరగతి పిల్లాడు ఖండాంతరాల అవతలివాళ్లతో మాట్లాడటానికి లైసెన్సు తెచ్చుకోగలడు కానీ, వీధి చివర క్లబ్బు రిజిస్టరులో పేరు ఎక్కాలంటే నాన్న సంతకం కావాలి!

కవరు లేని కార్డులు

సభ్యుడు చనిపోయాక అతని వివరాలు ఏం కావాలి? హామ్‌లు తమలో ఒకరు పోతే 'చనిపోయారు' అనరు. 'సైలెంట్ కీ' అంటారు, మూగబోయిన మీట అని. సంతాప సందేశాలు గాలిలో వెళ్తాయి. వాటితోపాటే ఆ ఇంట్లో ఖరీదైన సెట్లున్నాయన్న సంగతీ వెళ్తుంది. పదిరోజులైనా కాకముందే 'అమ్మకానికి పెట్టారా?' అంటూ ఆరా తీసేవాళ్లుంటారు. ఆ సెట్లు ఎంత చేస్తాయో ఆ ఇల్లాలికి తెలియకపోవచ్చు. ఇలాంటప్పుడు పద్ధతి తెలిసిన క్లబ్బులు ఇంటి ఫోను నంబరు ఎవరికీ ఇవ్వవు. అడిగినవాళ్ల నంబరే తీసుకుంటాయి. కుటుంబం కోరితే ఇద్దరు సభ్యులు వెళ్లి సామాను జాబితా రాసి, ధర కట్టి, కొనేవాళ్ల ముందు తామే నిలబడతాయి.

కార్డులు మాత్రం వస్తూనే ఉంటాయి. బ్యూరో దారి నత్తనడక కదా... ఏడాది కిందట జపాన్‌లోనో బ్రెజిల్‌లోనో మాట్లాడిన ఎవరో రాసి పంపినవి. వలంటీరు ఆ అక్షరం అరలో చూస్తే, ఆయన రాసిచ్చిన కవర్లు అయిపోయి ఉంటాయి.